పాటిగడ్డ మీద గడ్డపార వేసే ముందు

మీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. పురావస్తు శాస్త్రం అంటే ఏమిటి? క్షేత్రంలో ఆ పని ఎలా జరుగుతుంది? మీ ఊరి చెరువు వెనక, వాన పడ్డప్పుడల్లా కుండపెంకులూ పూసలూ తేలే పాటిగడ్డను, అంటే పాత ఊరి దిబ్బను, మీరూ మీ స్నేహితులూ సెలవుల్లో కొంచెం తవ్వి చూడవచ్చా? చివరిదానికి ముందుగా జవాబు చెబుతాను. అది తేలితే మిగిలిన రెండింటిలో సగం తేలిపోతుంది.

తవ్వకండి.

చట్టం ఒప్పుకోదన్నది ఒక కారణం. దాని సంగతి తర్వాత. అంతకన్నా పెద్ద కారణం ఏమిటంటే, తవ్వడమంటేనే ఆధారాన్ని చెరిపేయడం. ఎంతటి నిపుణుడు తవ్వినా ఇది తప్పదు. ప్రయోగశాలలో ఫలితం తేడా వస్తే ప్రయోగం మళ్లీ చేసుకోవచ్చు. నేలలో ఒక పొరను ఎత్తి తట్టలో పోశాక దాన్ని తిరిగి పరచడం ఎవరి తరమూ కాదు. గుప్తనిధి కోసం అర్ధరాత్రి నంది విగ్రహం కింద గొయ్యి తీసేవాడూ, అనుమతి తీసుకుని పట్టపగలు తవ్వే పరిశోధకుడూ ఇద్దరూ నేలను పాడుచేసేవాళ్లే. రెండోవాడు పాడుచేసే ముందు చదువుతాడు. చదివినదాన్ని రాసి, గీసి, ఫొటో తీసి పదిమందికీ అందిస్తాడు. మా వృత్తి మొత్తం ఆ తేడాలోనే ఉంది.

మనుషులు వదిలి వెళ్లిన వస్తువులు, కట్టడాలు, మట్టిలో మిగిల్చిన గుర్తులను బట్టి వాళ్ల జీవితాన్ని తెలుసుకోవడమే పురావస్తు శాస్త్రం. పెళ్లైన మర్నాడు ఖాళీ పందిట్లోకి వెళ్లి, ఎవరినీ ఏమీ అడగకుండా, గాడిపొయ్యి పొడవూ విస్తరాకుల కుప్పా చూసి ఎంతమంది వచ్చారో, ఏం తిన్నారో చెప్పమంటే ఎలా ఉంటుందో మా పనీ అలాగే ఉంటుంది. ఆ విస్తరాకులను ఎవరైనా ఊడ్చి తీసుకెళ్లి మరోచోట పోస్తే ఇక మీరు చెప్పగలిగింది ఏమీ ఉండదు. వస్తువు ఒక్కటే సాక్ష్యం కాదు. అది ఎక్కడ, దేని పక్కన, దేని కింద ఉందన్నదే సాక్ష్యం. మీ దోసిట్లోని పూస అందంగా ఉండవచ్చు. అది పడి ఉన్న చోటు తెలియకపోతే దాని నోరు నొక్కేసినట్టే.

శాసనాలు ఉన్నాయి కదా, ఇంత కష్టం ఎందుకని కొందరు అడుగుతారు. తెలుగు నేల మీద దొరికిన తొలి రాతలు క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నాటివి. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడు ధర్మం గురించి, తల్లిదండ్రుల మాట వినడం గురించి చెక్కించాడు. ఆ రోజు ఆ చుట్టుపక్కల ఊళ్లలో పొయ్యి మీద ఏం ఉడుకుతున్నదో చెప్పలేదు, అది ఆయన పనీ కాదు. అయినా అంతకు చాలా శతాబ్దాల ముందే కడప, కర్నూలు, బళ్లారి ప్రాంతాల కొత్తరాతియుగపు జనం ఉలవలు, పెసలు, అండుకొర్రలు తినేవారని మనకు తెలుసు. పొయ్యిలో మాడిపోయిన గింజలు మట్టిలో మిగిలాయి. ఆ మట్టిని నీళ్లలో కలిపి తేల్చితే పైకి వచ్చాయి. ఉలవచారుకు అంత పాత చుట్టరికం ఉందన్నమాట.

చదవకుండా తవ్వితే ఏమవుతుందో చూడాలంటే మనకు అమరావతిని మించిన పాఠం లేదు. స్తూపం ఉన్న దిబ్బను అప్పట్లో దీపాలదిన్నె అనేవారు. 1790ల్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు పక్కనే కొత్త పట్టణం కట్టిస్తున్నప్పుడు ఆ దిన్నె నుంచి ఇటుకలూ రాళ్లూ తీశారు. సంగతి విని 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ చూసిపోయాడు. 1816లో తిరిగి వచ్చేసరికి దిన్నె నడిబొడ్డున చెరువు తవ్వి ఉంది. ఆయన తన మనుషులతో మిగిలిన శిల్పాల బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసుకు, అక్కడి నుంచి ఎక్కువ భాగం లండన్‌కు వెళ్లాయి. 1877లో బ్రిటిష్ అధికారి రాబర్ట్ స్యూయెల్ కొంత తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నరుగా ఉన్న బకింగ్‌హామ్ ప్రభువు ఆదేశంతో మిగిలిన మట్టినంతా తోడేశారు. ఆ తర్వాత వచ్చిన పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్‌కు కనిపించింది స్తూపం కాదు, పెద్ద గుంట. ఇవి కాక సున్నం బట్టీల్లో కాలిపోయిన పలకలు ఎన్నో.

మెకంజీ గీయించిన బొమ్మల్లోని పలకల్లో కొన్ని ఇప్పుడు ఎక్కడా లేవు. రాయి పోయింది, కాగితం మిగిలింది. స్తూపం చుట్టూ ఉన్న ప్రాకారంలో ఏ పలక ఎక్కడ నిలబడి ఉండేదన్న చర్చ ఈ నాటికీ సాగుతోంది. పలకను తీసేటప్పుడు దాని చోటును నాలుగు వాక్యాల్లో రాసి ఉంటే ఆ చర్చ అవసరమే ఉండేది కాదు. మెకంజీ వృత్తిరీత్యా సర్వేయరు. కొలిచి గీయడం ఆయనకు అలవాటు కాబట్టే మనకు ఆ కాస్తయినా దక్కింది.

ఇక క్షేత్రంలో పని. జనం ఊహించుకున్నట్టు అది తవ్వకంతో మొదలుకాదు. ముందు నడక. మేం దీన్ని అన్వేషణ అంటాం. సర్వే ఆఫ్ ఇండియా పటాల్లో, రెవెన్యూ రికార్డుల్లో పొలాల పేర్లు చూస్తాం. పాటిగడ్డ, పాటిదిబ్బ, కోటదిబ్బ, బూడిదగడ్డ, రాకాసిగుళ్లు, పాండవులగుళ్లు వంటి పేరు కనిపిస్తే అక్కడికి వెళ్లితీరాలి. రాకాసిగుళ్లు చాలావరకు ఇనుపయుగపు సమాధులు. ఊళ్లో మొదట కలవాల్సింది గొర్రెల కాపరులను. ఏ గుట్ట వెనక ఏ రాయి నిలబెట్టి ఉందో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. తర్వాత బావులు తవ్వేవాళ్లు. ఎన్ని మూరల లోతున ఏ రంగు మట్టి వచ్చిందో, ఎక్కడ పెంకులు తగిలాయో నోటిలెక్కగా చెబుతారు. కాలువ కోతలు, ఏటి ఒడ్డు విరిగిన చోట్లు, పాడుబడిన బావుల గోడలు కూడా చూడాలి. ఎవరో ఎప్పుడో తవ్విపెట్టిన కోత అది. గడ్డపార ముట్టకుండానే లోపలి పొరలు చూడవచ్చు.

పైనుంచి చూస్తే తప్ప తెలియని చోట్లూ ఉంటాయి. విశాఖ దగ్గర తొట్లకొండ బౌద్ధారామం 1970ల్లో నౌకాదళం జరిపిన వైమానిక సర్వేలో వెలుగులోకి వచ్చింది. ఇప్పుడు ఉపగ్రహ చిత్రాలు, డ్రోన్లు వచ్చాక ఆ పని తేలికైంది. నేలలోకి రాడార్ తరంగాలు పంపి గోడల ఆనవాళ్లు పట్టే యంత్రాలు, నేల అయస్కాంత గుణంలోని చిన్న తేడాలను బట్టి కాలిన మట్టిని, బట్టీలను గుర్తించే యంత్రాలు ఉన్నాయి. మంచివే. కానీ కాలినడకకు ప్రత్యామ్నాయం కావు.

పెంకులు కనిపించిన ప్రతిచోటా పాత ఊరు ఉన్నట్టు కాదు. మన రైతులు తరతరాలుగా పాటిమట్టిని బళ్లకెత్తి పొలాలకు ఎరువుగా తోలుతున్నారు. శతాబ్దాల తరబడి మనుషులు, పశువులు బతికిన చోటు కాబట్టి ఆ మట్టిలో సారం ఎక్కువ. మట్టితోపాటు పెంకులూ పొలాలకు వెళ్లాయి. అందుకే కిలోమీటరు దూరంలోని చేలో పలచగా, అరిగిపోయిన అంచులతో దొరికే చిన్న పెంకులను చూసి పొంగిపోకూడదు. అసలు నివాస స్థలంలో పెంకులు దట్టంగా, పెద్దవిగా, పదునైన అంచులతో ఉంటాయి. వాటితోపాటు బూడిదరంగు మెత్తటి మట్టి, ఎముక ముక్కలు, నూరుడురాళ్లు, కాలిన మట్టిగడ్డలు కలిసి కనిపిస్తాయి. నేను పొలాలను వరసలుగా నడిపించి, ప్రతి వరసలో ఎన్ని పెంకులు కనిపించాయో పటం మీద రాయిస్తాను. అంకెలు ఎటు పెరుగుతున్నాయో చూస్తే ఊరి నడిమి భాగం ఎక్కడుందో తెలుస్తుంది.

పెంకు చూసి కాలం చెప్పడం అభ్యాసం మీద వస్తుంది. మోటు గుర్తులు కొన్ని చెబుతాను. చేత్తో మలిచిన మందపాటి బూడిదరంగు పెంకులు, పక్కనే నున్నగా నూరిన రాతిగొడ్డలి ఉంటే కొత్తరాతియుగం వైపు ఆలోచించాలి. లోపలంతా నలుపు, బయట మూతి దగ్గర నలుపు, కింద ఎరుపు ఉంటే ఎక్కువగా ఇనుపయుగం, దానికి కొనసాగింపుగా తొలి చారిత్రక యుగం. పల్చటి బూడిదరంగు పళ్లెం అడుగున, లోపలివైపు, సన్నని చుక్కలు వలయాలుగా తిరిగి ఉంటే మీ ఊరు సాతవాహనుల కాలానికి అటూఇటూ సముద్ర వ్యాపారపు దారులతో సంబంధం ఉన్నది కావచ్చు. మూరకు అటూఇటుగా పొడవున్న పెద్ద ఇటుకలు కూడా దాదాపు ఆ కాలాన్నే సూచిస్తాయి. ఇవి సూచనలే, తీర్పులు కావు. ఒక్క పెంకు పట్టుకుని ఊరి వయసు ప్రకటించేవారిని నమ్మకండి. పత్రికల్లో వారానికొకరు తగులుతారు.

అన్వేషణ అంతా అయ్యాక, తవ్వితే తప్ప జవాబు దొరకని ప్రశ్న ఒకటి స్పష్టంగా మిగిలితే, అప్పుడు తవ్వకం. "ఏముందో చూద్దాం" అన్నది ప్రశ్న కాదు. "ఈ ఊళ్లో ఇనుము వాడకం మొదలైనప్పుడు తిండిగింజలు మారాయా?" అన్నది ప్రశ్న. ప్రశ్నను బట్టి ఎక్కడ, ఎంత వెడల్పున తవ్వాలో నిర్ణయమవుతుంది. కాలక్రమం తెలియాలంటే చిన్న గొయ్యిని లోతుగా తీయాలి. ఇళ్లు, వీధులు తెలియాలంటే వెడల్పుగా తవ్వాలి. ఎంత తవ్వినా దిబ్బలో ఎక్కువ భాగం ముట్టకుండా వదిలేయాలి. రేపటివాళ్ల దగ్గర మనకన్నా మంచి పనిముట్లు ఉంటాయి.

మొదట చేసేది, చుట్టుపక్కల ఎన్నటికీ కదలని ఒక బిందువును ఎంచుకోవడం. గుడి మెట్టో, బండో ఏదైనా సరే. ఎత్తులూ దూరాలూ అన్నీ దాని నుంచే కొలుస్తాం. తర్వాత దిబ్బను పటం మీదా, తాళ్లూ మేకులతో నేల మీదా చదరాలుగా విడదీస్తాం. పదేసి మీటర్ల చదరాలు మన దేశంలో మామూలు. చదరానికీ చదరానికీ మధ్య తవ్వకుండా వదిలిన గట్టును బాల్క్ అంటారు. కొత్తగా వచ్చిన విద్యార్థులు ఆ గట్టు నడవడానికి అనుకుంటారు. నడుస్తాం కూడా, కానీ అది ఉన్నది చదవడానికి. మట్టి అంతా తీసేశాక పొరల క్రమం కనిపించేది ఆ గట్టు నిలువు ముఖంలోనే. దాన్ని సెక్షన్ అంటాం.

ఆ సెక్షన్‌ను చదవడం ఈ పనిలో అన్నిటికన్నా కష్టం, నాకు అన్నిటికన్నా ఇష్టం. ఎండ ఏటవాలుగా పడే ఉదయంపూట మొదలుపెట్టాలి. తాపీ అంచుతో పైనుంచి కిందికి పల్చగా గీరాలి. కింది నుంచి గీరితే పై మట్టి రాలి శుభ్రం చేసినదాన్ని మళ్లీ పూసేస్తుంది. నీళ్లు సన్నగా చల్లితే కాసేపు రంగులు విడివిడిగా తేలతాయి. పొరను కంటితోనే కాదు, తాపీ చెప్పే మాటతోనూ గుర్తించాలి. గట్టిగా తొక్కిన నేల మీద అది గరగరమంటుంది, బూడిద పొరలో చప్పుడు లేకుండా దిగుతుంది, పూడిన గొయ్యిలో పుసుక్కున లోపలికి పోతుంది. పొర సరిహద్దు తేలగానే మేకుతో గీత గీసి, అంకె రాసిన చీటీ గుచ్చుతాం. ఇద్దరు అనుభవజ్ఞులు ఒకే సెక్షన్ ముందు నిలబడి గంటసేపు వాదులాడుకోవడం మామూలే. వాదన తేలేదాకా తవ్వకం ఆగాలి.

పై పొర కింది పొరకన్నా తర్వాతిది. సూత్రం ఇంతే. చిక్కంతా గోతులతో. ఉదాహరణకు సాతవాహనుల నాటి ఒక రైతు ధాన్యం దాచుకోవడానికి పాతర తవ్వాడనుకోండి. ఆ పాతర తనకన్నా ఎన్నో వందల ఏళ్ల ముందు పేరుకున్న ఇనుపయుగపు పొరలను కోసుకుని కిందికి పోతుంది. ఆయన నాణెం ఒకటి పాతర అడుగున పడింది. ఇప్పుడు ఆ నాణెమూ, పక్కనున్న ఇనుపయుగపు పెంకూ నేల మట్టం నుంచి ఒకే లోతులో ఉన్నాయి. లోతును మాత్రమే రాసుకునేవాడు రెండింటినీ ఒకే కాలంలో కట్టేస్తాడు. పాతర అంచును గుర్తించినవాడు ముందుగా పాతరలోని మట్టిని విడిగా తీసి, దాని వస్తువులను విడి సంచిలో వేసి, ఆ తర్వాతే చుట్టూ ఉన్న పొరను ముట్టుకుంటాడు.

ఇది పాఠ్యపుస్తకపు భయం కాదు. మొహెంజొదారోలో 1920, 30ల్లో జరిగిన తవ్వకాల్లో వస్తువులను ఎక్కువగా మట్టం లెక్కన, అంటే ఒక స్థిర బిందువు నుంచి ఎన్ని అడుగుల కింద అన్న లెక్కన నమోదు చేశారు. ఊరి నేల ఎప్పుడూ బల్లపరుపుగా ఉండదు కదా! 1944లో భారత పురావస్తు శాఖకు అధిపతిగా వచ్చిన మార్టిమర్ వీలర్ దీన్ని ఏకిపారేశాడు. సైన్యంలో బ్రిగేడియరుగా పనిచేసిన మనిషి, నోటి దురుసుకు లోటు లేదు. తక్షశిలలో యువకులకు శిక్షణ శిబిరం పెట్టి పొరల పద్ధతి నేర్పాడు. చదరాలు, గట్లు, సెక్షన్ అంటూ పైన చెప్పినదంతా మనకు చాలావరకు ఆయన ద్వారా వచ్చిందే.

వీలర్ గురించి ఇంకో సంగతి చెప్పాలి. 1945లో ఆయన పుదుచ్చేరి దగ్గర అరికమేడులో తవ్వాడు. అక్కడ ఇటలీలో తయారైన ఎర్రటి మెరుపు పాత్రల ముక్కలు దొరికాయి. అవి క్రీస్తుశకం తొలి దశాబ్దాల నాటివని యూరప్ ఆధారాల వల్ల తెలుసు. వాటితోపాటే, ఇందాక చెప్పిన చుక్కల వలయాల పళ్లేలూ ఉన్నాయి. 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో తవ్వితే అవే పళ్లేలు పైపొరల్లో, వాటి కింద ఇనుపయుగపు సమాధుల సంస్కృతి, ఇంకా కింద రాతిగొడ్డళ్ల సంస్కృతి వరసగా కనిపించాయి. దక్షిణాదికి తొలిసారి ఒక కాలక్రమం చేతికందింది. పైనుంచి లెక్కకట్టుకుంటూ వీలర్ ఇనుపయుగాన్ని క్రీస్తుపూర్వం 200 దగ్గర మొదలుపెట్టాడు. తర్వాత రేడియోకార్బన్ పరీక్షలు వచ్చాక ఆ తేదీ దాదాపు వెయ్యేళ్లు వెనక్కి పోయింది. రాతిగొడ్డళ్ల కాలమూ అలాగే క్రీస్తుపూర్వం మూడో సహస్రాబ్దికి వెళ్లింది. అంటే ఆయన తేదీలు నిలవలేదు. కానీ ఏది పైన, ఏది కింద అన్న వరస మాత్రం చెక్కుచెదరలేదు. పొరలను నిజాయితీగా నమోదు చేశాడు కాబట్టి మనం తేదీలను దిద్దుకోగలిగాం.

మనిషి చేతిపని కాని పొర కూడా కాలాన్ని చెప్పగలదు. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో క్వారీ గుంటల్లో తెల్లటి బూడిద పొర కనిపిస్తుంది. అది సుమారు 74,000 ఏళ్ల కింద సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో కొట్టుకొచ్చి ఇక్కడ పడినది. ఆ పొరకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని 2007లో పరిశోధకులు ప్రకటించారు. అంత పెద్ద విస్ఫోటం తర్వాత కూడా ఇక్కడ మనుషులు మిగిలారా అన్న ప్రపంచస్థాయి చర్చకు మన రాయలసీమ మట్టిపొర ఒకటి సాక్షి అయింది.

మట్టిలో కట్టడం లేకపోయినా దాని నీడ ఉంటుంది. కర్ర గుంజ పాతిన చోట గుంజ పుచ్చిపోయినా, ఆ గుంతలో నిండిన మట్టి రంగు వేరుగా, మెత్తగా గుండ్రంగా మిగులుతుంది. అలాంటి గుండ్రాలను వరసగా కలిపితే పాక గోడో, దొడ్డి కంచో తేలుతుంది. 1957లో బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు రేమండ్ ఆల్చిన్ ఉట్నూరు బూడిదదిబ్బను తవ్వినప్పుడు ఇదే పద్ధతి పనికొచ్చింది. ఇది ఆదిలాబాద్ వైపు ఉట్నూరు కాదు, పాత మహబూబ్‌నగర్ జిల్లాలో కృష్ణకు దగ్గరగా ఉన్నది. దక్షిణాదిలోని ఈ బూడిదదిబ్బలు ఏమిటన్న దానిపై వంద సంవత్సరాలకు పైగా ఊహలు నడిచాయి. అగ్నిపర్వతాలన్నారు, ఇనుము కరిగించిన చోట్లన్నారు. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ పందొమ్మిదో శతాబ్దంలోనే ఇది కాలిన పేడ అని వాదించాడు. ఉట్నూరులో ఆల్చిన్‌కు గుంజల గుంతల వరసలు, మళ్లీమళ్లీ కట్టి మళ్లీమళ్లీ కాలిన దొడ్లు, ఆ నేల మీద పశువుల గిట్టల అచ్చులు కూడా కనిపించాయి. నాలుగు వేల ఏళ్లకు పైబడిన గిట్టల అచ్చులు! గడ్డపారతో వేగంగా తవ్వి ఉంటే అవి ఒక్క పూటలో మాయమయ్యేవి.

తెలుగు నేలలో తవ్వేవారికి ప్రత్యేకమైన తలనొప్పి నల్లరేగడి. ఎండాకాలంలో చేయి దూరేంత బీటలు పడుతుంది. పైనున్న పూస ఆ బీటలోంచి కిందికి జారిపోతుంది, వానకు బీట మూసుకుపోతుంది, ఏమీ జరగనట్టే ఉంటుంది. ఎలుకలు, పందికొక్కులు, చెట్ల వేళ్లు చేసే అల్లరి దీనికి అదనం. ఇనుపయుగపు పొరలో గాజుపెంకు దొరికిందని సంబరపడే ముందు పక్కన బొరియ ఉందేమో చూడాలి.

నమోదు సంగతి విసుగ్గా అనిపించవచ్చు కానీ తవ్వకంలో సగం శ్రమ దానిదే. ప్రతి చదరానికి ఒక నోటుపుస్తకం. ప్రతి పొరకూ రంగు, గట్టిదనం, మందం, ఏ పొర కింద ఉంది, దేన్ని కోసింది అన్న వివరాలు. పూస, నాణెం, గాజు, ముద్ర వంటి విశేష వస్తువు దొరికితే మూడు కొలతలు: తూర్పుకు ఎంత, ఉత్తరానికి ఎంత, లోతు ఎంత. సంచికి రెండు చీటీలు, లోపల ఒకటి, బయట ఒకటి, ఎందుకంటే ఒకదాన్ని చెదలో చెమ్మో తప్పక తినేస్తుంది. ఫొటోలో కొలబద్ద, ఉత్తరం చూపే బాణం ఉండాలి. ఫొటోలు ఇన్ని తీశాక చేత్తో గీయడం ఎందుకని పిల్లలు అడుగుతుంటారు. కెమెరా అన్నింటినీ చూపిస్తుంది, దేన్నీ తేల్చదు. పెన్సిలు పట్టుకున్నవాడు పొర అంచు ఎక్కడో తేల్చుకోక తప్పదు.

తీసిన మట్టిని జల్లెడ పట్టడం కూలీల పని అని చిన్నచూపు చూడకండి. సన్నపూసలు, చేపముళ్లు, ఎలుక పళ్లు జల్లెడలోనే దొరుకుతాయి. ఊరి ఆడవాళ్ల చేతులు ఆ పనిలో మా అందరికన్నా నేర్పరివి. బియ్యంలో మెరిగెలు ఏరిన కళ్లు అవి. పెంకులన్నీ ఆరుబయట గళ్లు గీసిన చోట, పొరకో గడిగా పోసి, కడిగి, ఎండబెట్టి, లెక్కపెట్టి, మూతి ముక్కలనూ అడుగు ముక్కలనూ వేరు చేస్తాం. కుండ ఆకారం తెలియాలంటే మూతి అంచు కావాలి. నడుము ముక్క ఎంత పెద్దదైనా అంతగా మాట్లాడదు.

తేదీల కోసం బొగ్గు, మాడిన గింజలు, ఎముకలు తీసుకుంటాం. ప్రాణమున్నంత కాలం శరీరంలోకి చేరే రేడియోధార్మిక కార్బన్, ప్రాణం పోయాక సుమారు 5,730 ఏళ్లకు సగం చొప్పున తగ్గుతుంది. మిగిలినదాన్ని కొలిచి కాలం లెక్కకడతారు. దాదాపు 50,000 ఏళ్ల దాకా ఈ పద్ధతి పనిచేస్తుంది. బొగ్గు దొరికింది కదా అని దూలం బొగ్గు పంపితే మోసపోవచ్చు. ఆ చెట్టు నడిమి చేవ ఇల్లు కట్టడానికి ఎన్నో ఏళ్ల ముందే జీవం పోయినది, పైగా పాత ఇంటి దూలాన్ని కొత్త ఇంటికి వాడుకోవడం మనకు కొత్త కాదు. అందుకే ఒక్క ఏడాదిలో పండి కాలిన ఉలవగింజ దూలం కన్నా నమ్మదగిన సాక్షి. మట్టికి చివరిసారి ఎండ తగిలి ఎంత కాలమైందో చెప్పే పరీక్ష మరొకటి ఉంది. దానికి నమూనాను వెలుగు సోకకుండా లోహపు గొట్టంతో తీయాలి.

అమరావతికి ఎదురుగా పెట్టదగినది నాగార్జునకొండ. సాగర్ ఆనకట్ట వల్ల ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ మొత్తం మునిగిపోతుందని తేలాక, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయను భాగాలుగా విడదీసి తవ్వారు. రాతియుగపు పనిముట్ల నుంచి మధ్యయుగపు కట్టడాల దాకా నమోదయ్యాయి. కొన్ని కట్టడాలను కొండ మీదికి, అనుపు అనే చోటికి తరలించి తిరిగి నిలబెట్టారు. ఆ లోయ ఇప్పుడు నీటి అడుగున ఉంది. అయినా అక్కడ ఏది ఎక్కడ ఉండేదో మనకు అమరావతి స్తూపం కన్నా బాగా తెలుసు. అయితే ఒక్క మాట. ఆ తవ్వకాల నివేదిక మొదటి సంపుటం 1975లో, రెండోది 2006లో వెలువడ్డాయి. ఇంత ఆలస్యంగానైనా వచ్చినందుకు సంతోషించాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ తవ్వి దశాబ్దాలైనా పూర్తి నివేదిక రాని స్థలాలున్నాయి. నివేదిక లేని తవ్వకానికీ దొంగ తవ్వకానికీ పెద్ద తేడా లేదని నా అభిప్రాయం. దీనికి నా సహోద్యోగులు కొందరు నా మీద కోపంగా ఉన్నారు, ఉండనివ్వండి.

ఇక చట్టం. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా తవ్వకూడదు. రక్షిత జాబితాలో లేని చోట పురావస్తు తవ్వకం జరపాలన్నా రాష్ట్ర ప్రభుత్వమే కేంద్రం అనుమతి తీసుకోవాలి. 2010లో చేసిన సవరణతో కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్లు నిర్మాణాలకు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు అనుమతితోనే కట్టుకోవాల్సిన నియంత్రిత ప్రాంతం అయ్యాయి. నేలలో దాగి ఉన్న విలువైన వస్తువు ఎవరికైనా దొరికితే, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది. ఆ పది రూపాయల హద్దు 1878లో పెట్టినది.

మరి మీరేం చేయవచ్చు? చాలానే ఉంది. వానలు తగ్గాక పాటిగడ్డను వరసలుగా నడవండి. గడ్డ పొడవు, వెడల్పు, ఎత్తు కొలవండి. ఏ వైపు ఏ రకం పెంకులు ఎక్కువో చేతిపటం గీయండి. పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీసి, పెంకులను అక్కడే వదిలేయండి. ఊళ్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఆ గడ్డ గురించి, మట్టి తోలిన ఏళ్ల గురించి, దొరికిన వస్తువుల గురించి అడిగి రాసుకోండి. ఇదంతా రాష్ట్ర పురావస్తు శాఖకు, దగ్గరలోని విశ్వవిద్యాలయానికి పంపండి. జేసీబీ వచ్చి మట్టి ఎత్తుతుంటే పంచాయతీకి, తహసీల్దారుకు ఫిర్యాదు చేయండి. కచ్చితమైన చోటును మాత్రం సామాజిక మాధ్యమాల్లో పెట్టకండి. చరిత్ర ప్రియుల కన్నా ముందు గుప్తనిధుల ముఠాలు చూస్తాయి.

చదువు సంగతి. డిగ్రీలో ఏ సబ్జెక్టు చదివినా ఈ రంగంలో చోటుంది. రసాయనం, భూగర్భ శాస్త్రం, వృక్షశాస్త్రం చదివినవాళ్లు మాకు మరీ అవసరం. ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర, నాగార్జున, ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లోనూ, తెలుగు విశ్వవిద్యాలయం శ్రీశైలం ప్రాంగణంలోనూ ఈ విషయం బోధిస్తూ వచ్చారు. ఈ ఏడాది ఎక్కడ ప్రవేశాలున్నాయో కనుక్కోండి. పుణె డెక్కన్ కళాశాలకు పెద్ద పేరుంది. పీజీ తర్వాత భారత పురావస్తు శాఖ గ్రేటర్ నోయిడాలో నడిపే సంస్థలో డిప్లొమా ఉంది. చేరే ముందు ఒక సీజను ఎక్కడైనా అనుమతి ఉన్న తవ్వకంలో పనిచేసి చూడండి. ఏప్రిల్ ఎండలో గోతిలో గొంతుకూర్చుని రోజంతా పెంకులు శుభ్రం చేసి, మర్నాడు పొద్దున మళ్లీ వెళ్లాలనిపిస్తే అప్పుడు దరఖాస్తు పెట్టండి.

మీ దగ్గర ఇప్పటికే కొన్ని పూసలు ఉన్నట్టు మీ ప్రశ్నను బట్టి అనిపించింది. వాటిని కడగకండి, దండ గుచ్చకండి. గడ్డకు ఏ వైపున, వాన నీటి కోతలోనా, దున్నిన చాలులోనా, ఎప్పుడు దొరికాయో గుర్తున్నంతవరకు ఈ రోజే చీటీ మీద రాసి అదే పొట్లంలో పెట్టండి. పురావస్తు శాఖవారు వచ్చినప్పుడు పొట్లం వాళ్లకు అప్పగించి రసీదు తీసుకోండి.